తడిసిన పక్క: తప్పు, మైల, సిగ్గు

పిల్లలు నిద్రలో తమకు తెలియకుండా పక్క తడపడాన్ని ఆయుర్వేదం శయ్యామూత్రం అంటుంది. శార్ఙ్గధర సంహిత దీన్ని బాలరోగాల జాబితాలో చేర్చింది. అంటే ఆ గ్రంథం దృష్టిలో ఇది పిల్లవాడి గుణం కాదు, ఒంటికి వచ్చిన ఇబ్బంది. ఆధునిక వైద్యం అయిదేళ్ల వయసును గీతగా పెట్టుకుంది. అంతకు ముందు పక్క తడిస్తే అది ఎదుగుదలలో మామూలు విషయం; ఆ తరవాత కూడా తరచూ తడుస్తుంటేనే దాన్ని సమస్యగా లెక్కిస్తారు. అయిదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు 15 మందికి ఈ ఇబ్బంది ఉంటుంది. ఏ చికిత్సా లేకపోయినా వారిలో ఏటా నూటికి 15 మంది చొప్పున బయటపడుతూ వస్తారు. పెద్దయ్యాక కూడా మిగిలిపోయేది నూటికి ఒకరిద్దరికి. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఇది ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఎవరికైనా చిన్నప్పుడు ఉండి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది, ఇద్దరికీ ఉండి ఉంటే ఇంకా పెరుగుతుంది.

కారణాలు ముఖ్యంగా మూడు. రాత్రిపూట మూత్రం తయారీని తగ్గించే వాసోప్రెసిన్ అనే హార్మోను కొందరిలో చాలినంత ఊరదు. కొందరి మూత్రాశయం వయసుకు తగినంత పట్టదు. వైద్యులు వాడే లెక్క ప్రకారం పిల్లల వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తే మూత్రాశయం పట్టవలసిన పరిమాణం మిల్లీలీటర్లలో వస్తుంది. ఏడేళ్ల పిల్లకు 240 మిల్లీలీటర్లు, ఒక గ్లాసుడు. మూడోది, నిండిందన్న కబురు వెళ్లినా మెదడు నిద్ర లేవకపోవడం. మలబద్ధకం ఉంటే ఇవన్నీ ఇంకాస్త ముదురుతాయి. ఈ పట్టికలో బద్ధకం, మొండితనం, పొగరు అనేవి ఎక్కడా లేవు.

ఇలాంటి పిల్లల కోసం తయారైనవే రాత్రిపూట తొడిగి పొద్దున పారేసే పీల్చుడు నిక్కర్లు. దుకాణాల్లో ప్యాంట్ డైపరు అంటారు. చంటిపిల్లల డైపరుకు పక్కన అంటించే పట్టీలుంటాయి, దీనికి ఉండవు. మామూలు లోదుస్తులాగే నడుము దగ్గర సాగుతుంది, పిల్లలు తామే తొడుక్కుని తామే విప్పుకోగలరు. అమెరికాలో కింబర్లీ క్లార్క్ సంస్థ 1994లో గుడ్‌నైట్స్ పేరుతో పెద్ద పిల్లల కోసం వీటిని ప్రత్యేకంగా అమ్మకానికి తెచ్చింది. ఒంటికి తగిలే పొర పాలీప్రొపిలీన్‌తో చేసిన నేయని గుడ్డ. బయటి పొర తడిని ఆపే పల్చని ప్లాస్టిక్. నడుమ కలప గుజ్జు, దానిలో సోడియం పాలీయాక్రిలేట్ పలుకులు. చూడడానికి పంచదారలా ఉండే ఈ పలుకులు తడి తగిలితే ఉబ్బి, ఉడికిన సగ్గుబియ్యంలా మారతాయి. శుద్ధమైన నీటినైతే తమ బరువుకు వందల రెట్లు పీల్చుకుంటాయి. మూత్రంలో లవణాలుంటాయి గనక అక్కడ ఆ శక్తి కొన్ని పదుల రెట్లకు తగ్గుతుంది. ఉబ్బిన ముద్ద మీద ఉప్పు చల్లితే అది మళ్లీ నీళ్లు వదిలేస్తుంది.

ఈ వస్తువు పీల్చేది తడిని మాత్రమే. పక్క తడిసిన ఇంట్లో పొద్దున్నే తడితో పాటు మరో మూడు లేస్తాయి: ఇది తప్పన్న మాట, మైలన్న మాట, సిగ్గన్న భావం. మూడూ ఒకేసారి పిల్లల మీద పడతాయి గనక మూడూ ఒకటే అన్నట్టు ఉంటుంది. మతగ్రంథాలూ తత్వవేత్తలూ మాత్రం వీటిని వేరువేరుగా చూశారు. డైపరు పని ఎంతవరకో, ఎక్కడ ఆగాలో తేలాలంటే ఆ విభజన అవసరం.

తప్పు

ఒక పని తప్పు కావాలంటే దాన్ని ఎవరో చేసి ఉండాలి. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రం మూడో భాగంలో మెచ్చుకోలూ నిందా బుద్ధిపూర్వకంగా చేసిన పనులకే వర్తిస్తాయన్నాడు. పుట్టుకతో గుడ్డివాడైన మనిషిని ఎవరూ తప్పుపట్టరన్నది ఆయన ఇచ్చిన ఉదాహరణ. బుద్ధుడు ఇంకా సూటిగా, చేతననే తాను కర్మ అంటానని చెప్పినట్టు అంగుత్తర నికాయంలో ఉంది. చేతన అంటే ఇక్కడ సంకల్పం. సంకల్పం లేని చోట శరీరం కదిలినా, కారినా, అది కర్మ లెక్కలోకి రాదు.

మహాభారతం ఆదిపర్వంలోని మాండవ్యుడి కథ ఇదే ప్రశ్నను పిల్లల వైపు తిప్పుతుంది. మౌనవ్రతంలో ఉన్న మునిని దొంగలతో పాటు రాజభటులు పట్టుకుపోయి కొరత వేస్తారు. తరవాత ఆయన ధర్మదేవత అయిన యముడి దగ్గరికి వెళ్లి, ఏ పాపానికి తనకీ శిక్ష అని నిలదీస్తాడు. చిన్నతనంలో పురుగుల్ని గడ్డిపుల్లతో గుచ్చినందుకని జవాబు వస్తుంది. అంత చిన్న పనికి, అదీ పసితనంలో చేసినదానికి, ఇంత శిక్షా అని మండిపడి, యముణ్ణి మనిషిగా పుట్టమని శపిస్తాడు. విదురుడి పుట్టుకకు భారతం చెప్పే కారణం అదే. శాపంతో పాటు మాండవ్యుడు ఒక కట్టడి కూడా పెడతాడు: పద్నాలుగేళ్లు నిండేదాకా చేసింది పాపంగా లెక్కకు రాకూడదు. మాండవ్యుడు గుచ్చింది మెలకువలో, తన చేత్తో. దానికే మినహాయింపు దొరికితే, నిద్రలో జరిగిపోయినదాని గురించి వేరే వాదన అక్కర్లేదు.

ఇస్లాంలో ప్రసిద్ధమైన ఒక హదీసు ప్రకారం ముగ్గురి విషయంలో కర్మలు రాసే కలం ఆగి ఉంటుంది: నిద్రపోతున్న మనిషి మేలుకునేదాకా, పిల్లలు యుక్తవయసుకు వచ్చేదాకా, మతి చలించినవారికి మతి కుదుటపడేదాకా. నిద్రలో పక్క తడిపిన పిల్లవాడు ఈ మూడింట్లో రెండింటి కిందికి వస్తాడు.

మన ఇళ్లలో అయితే వాదన ఇక్కడితో ముగియదు. ‘ఏ జన్మలో ఏం చేసుకున్నాడో’ అన్న మాట వెనక దారిన వస్తుంది. దానికి వేదాంతం చేసిన విభజనలోనే జవాబుంది. కర్మ మూడు రకాలు: పోగుపడి ఉన్నది సంచితం, ఈ జన్మలో అనుభవానికి వచ్చింది ప్రారబ్ధం, ఇప్పుడు చేస్తూ ముందుకు కూడబెట్టేది ఆగామి. కర్మ సిద్ధాంతాన్ని పూర్తిగా ఒప్పుకున్నా, పక్క తడవడం మహా అయితే ప్రారబ్ధం. పిల్లవాడు దానితో కొత్త కర్మేదీ చేయడం లేదు. పొద్దున్నే వాణ్ణి కొట్టిన చేతికి మాత్రం మెలకువ ఉంది. ఆగామి లెక్క రాయవలసి వస్తే అది పిల్లవాడి పద్దులో పడదు.

లెక్క తప్పు పద్దులో పడితే ఏమవుతుందో జార్జ్ ఆర్వెల్ రాశాడు. 1903లో బిహార్‌లోని మోతిహారిలో పుట్టిన ఈ రచయితను ఎనిమిదేళ్ల వయసులో ఇంగ్లండులోని ఒక బోర్డింగు బడికి పంపారు. అక్కడ పక్క తడపడం మొదలైంది. గుర్రపుస్వారీ కొరడాతో కొట్టారు. తడపకుండా ఉండేలా చూడమని రాత్రిళ్లు దేవుణ్ణి వేడుకున్నా ఫలితం లేకపోయింది. ఆయన మరణించాక 1952లో అచ్చయిన ‘సచ్, సచ్ వర్ ద జాయ్స్’ అనే వ్యాసంలో ఆ పిల్లవాడు ఆ దెబ్బల నుంచి నేర్చుకున్న పాఠం ఉంది: పాపమంటే తాను చేసేదే కానక్కర్లేదు, తనకు జరిగేది కూడా కావచ్చు, అక్కర్లేదనుకున్నా, తప్పించుకోలేకపోయినా పాపి కావచ్చు. అరిస్టాటిల్, బుద్ధుడు, మాండవ్యుడు కట్టిన గట్టు ఒక్క కొరడా దెబ్బతో తెగిపోయింది. పక్క తడవడం కాలం గడిస్తే తగ్గుతుంది. ఈ పాఠం తగ్గడానికి అంతకంటే చాలా ఎక్కువ కాలం పడుతుంది.

మైల

తప్పు లేకపోయినా మైల ఉంటుంది. మనుస్మృతి అయిదో అధ్యాయం మనిషి శరీరం నుంచి వచ్చే పన్నెండు మలాలను లెక్కపెట్టి, అందులో మూత్రాన్నీ చేర్చింది. ఈ మైల ఎవరి మనసు మీదా ఆధారపడదు. తెలిసి తగిలినా తెలియక తగిలినా మైలే. అయితే దాని విరుగుడు కూడా అంత తేలిక: నీళ్లు. ప్రాయశ్చిత్తం, పశ్చాత్తాపం, క్షమాపణ అక్కర్లేదు.

పిల్లల విషయంలో శాస్త్రం ఇంకో మెట్టు దిగింది. గౌతమ ధర్మసూత్రం రెండో అధ్యాయం ఉపనయనానికి ముందు పిల్లవాడు తన ఇష్టప్రకారం నడవవచ్చని, మాట్లాడవచ్చని, తినవచ్చని చెబుతూ, మలమూత్రాల విషయంలోనూ నియమాలు లేవంటుంది. వాడికి ఆచమన విధి లేదు. తుడవడం, కడగడం, నీళ్లు చల్లడం చాలు. వాణ్ణి ముట్టుకున్నవారికి అశౌచం కూడా రాదు. మడి గురించి కఠినంగా మాట్లాడే సంప్రదాయమే పిల్లల దగ్గర తుడుపుగుడ్డతో సరిపెట్టుకుంది.

ఇస్లామీ ధర్మశాస్త్రంలోనూ దాదాపు ఇదే పద్ధతి కనిపిస్తుంది. మూత్రం నజాసత్, అంటే అపవిత్రం. అది అంటిన గుడ్డను కడిగిన తరవాతే నమాజు. కానీ ప్రవక్త తన మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజు చేశారని బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాల్లో ఉంది. సజ్దాలో, అంటే నేలకు నుదురు ఆనించేటప్పుడు, ఆమెను కిందికి దించేవారు, లేచినప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు. దీని మీద ధర్మవేత్తలు తీసిన నిర్ణయం ఇది: పిల్లల ఒళ్లూ బట్టలూ అపవిత్రమని తేలేదాకా వాటిని పవిత్రంగానే ఎంచాలి. అనుమానం పిల్లలకు అనుకూలంగా పోతుంది.

తెలుగు ఇళ్లలోని మడి ఆచారం ఈ శాస్త్రాన్ని తనదైన పద్ధతిలో అమలుచేసింది. మడి కట్టుకుని వంట చేస్తున్న అమ్మమ్మ దగ్గరికి పసివాడు పరుగెత్తుకొస్తే ‘వాడి చొక్కా విప్పి పంపండి’ అనే ఇళ్లుండేవి. బట్టలు విప్పేస్తే పసివాడికి అంటు లేదు. ఒళ్లో కూర్చున్నా మడి చెడదు. ఆ ఆచారానికి మైల గుడ్డలో ఉంది, పిల్లవాడిలో లేదు.

డైపరు నిజంగా పనిచేసే చోటు ఇదే. అది మైలను ఒక గుడ్డకు, ఒక రాత్రికి పరిమితం చేస్తుంది. పరుపు, బొంత, పక్కన పడుకున్న చెల్లెలి గౌను, తెల్లవారుజామున లేచి పూజకు నీళ్లు తోడుకోవలసిన తల్లి చీర, ఇవన్నీ పొడిగా ఉంటాయి. పాత ఇళ్లలో రబ్బరు గుడ్డ చేసిన పనే ఇది, ఒంటికి ఇంకాస్త దగ్గరగా. శౌచ ధర్మం దృష్టిలో ఈ వస్తువుకు అభ్యంతరమూ లేదు, విశేష పుణ్యమూ లేదు. తుడవడం, కడగడం అన్న పాత జాబితాకు పీల్చడం అన్న మరో మాట చేరింది, అంతే. పొద్దున ఒళ్లు కడుక్కోవలసిన పని ఎలాగూ మిగిలే ఉంటుంది. తడి ఒరుసుకుంటే చర్మం పొక్కుతుంది గనక వైద్యం కూడా అదే చెబుతుంది.

సిగ్గు

సిగ్గుకు తప్పు అక్కర్లేదు, మైల కూడా అక్కర్లేదు; చూసే కళ్లుంటే చాలు. బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ 1993లో వచ్చిన ‘షేమ్ అండ్ నెసెసిటీ’లో ఈ తేడా చెప్పాడు: అపరాధ భావానికి మూలం లోపల వినిపించే తీర్పు గొంతు, సిగ్గుకు మూలం ఇతరుల కంట పడడం. అందుకే ఏ తప్పూ చేయలేదని తెలిసిన పిల్ల కూడా తెల్లవారుజామున మెలకువ వచ్చి, చేత్తో పక్క తడిమి చూసుకుని, దుప్పటిని ఆ తడి మీదికి లాగి, అందరూ లేచేదాకా కదలకుండా పడుకుంటుంది. తడిసిన బొంత దండెం మీదికి ఎక్కిందంటే ఆ ఇంటి కబురు వాడంతటికీ చేరినట్టే.

కొరియాలో ఒకప్పుడు పక్క తడిపిన పిల్లల తల మీద చేట బోర్లించి, ఇరుగింటికి వెళ్లి ఉప్పు అడిగి తెమ్మని పంపేవారు. తలుపు తీసిన పక్కింటావిడకు ఆ చేట చూడగానే విషయం అర్థమయ్యేది. కాస్త ఉప్పు పెట్టి, నాలుగు మాటలని పంపేది. శరీరానికి ఏ దెబ్బా తగలదు. శిక్ష అంతా చూపులోనే ఉంది. సిగ్గుపడితే మానుతారన్నది దాని వెనక నమ్మకం. మెలకువలో ఉన్న మనసు ఎంత సిగ్గుపడినా నిద్రలో ఉన్న మూత్రాశయానికి ఆ కబురు అందదు గనక ఆ నమ్మకం నిలవదు.

ఈ విషయంలో డైపరు ఒక తెర. పెళ్లింట్లో హాలు పొడుగునా వరసగా పరిచిన పరుపుల మీద పాతికమంది పిల్లల మధ్య పడుకోవలసి వచ్చినప్పుడు, బడి తీసుకెళ్లే విహారయాత్రలో, హాస్టల్లో, ఆ తెర విలువ తెలుస్తుంది. అయితే తెర అన్నాక దాచడం ఉంది. దాచడం అబద్ధమా అన్న ప్రశ్న వస్తుంది. మన సుభాషిత సంప్రదాయంలో గోప్యంగా ఉంచుకోవలసిన తొమ్మిదింటి జాబితా ఒకటుంది. వయసు, ధనం, మంత్రం వంటి వాటితో పాటు ఇంటి లోటు, వాడే మందు, పడిన అవమానం అందులో ఉన్నాయి. పక్క తడవడం ఈ మూడింటికీ చెందుతుంది. అడిగే హక్కు లేనివారికి చెప్పకపోవడాన్ని ఆ జాబితా మోసం అనలేదు, వివేకం అంది.

తెర పిల్లలకూ లోకానికీ నడుమ ఉండాలి గాని, పిల్లలకూ తల్లిదండ్రులకూ నడుమ కాదు. దానికి తోడు, ఆ తెరనే చేటగా మార్చడం చాలా సులువు. ‘చంటిపిల్లాడివా, ఇది తొడుక్కో’ అని అన్నయ్య ముందు విసిరితే అదే వస్తువు తల మీద చేట అవుతుంది. అలమరలో మిగతా లోదుస్తులతో కలిపి పెట్టి, కావాలో వద్దో ఆ పిల్లనే అడిగితే అది లోదుస్తుగానే ఉంటుంది.

ప్రయత్నం

పీల్చేసే వస్తువు ఉంటే పిల్లలు మారే ప్రయత్నమే మానేస్తారన్నది పెద్దల ప్రధాన అభ్యంతరం. దీని వెనక ఉన్నది దైవానికీ పురుషకారానికీ, అంటే విధికీ మనిషి ప్రయత్నానికీ, మధ్య పాత తగాదా. ఇందులో కొంత నిజముంది: డైపరు చికిత్స కాదు, దానివల్ల పక్క తడవడం తగ్గదు. చికిత్సలు వేరే ఉన్నాయి. అమెరికా మనస్తత్వవేత్తలు హోబర్ట్ మౌరర్, విల్లీ మే మౌరర్ దంపతులు 1938లో ప్రచురించిన పద్ధతిలో, తడి తగలగానే గంట మోగి పిల్లవాణ్ణి లేపుతుంది. కొన్ని వారాలకు నిండిన మూత్రాశయానికే లేవడం ఒంటికి అలవాటవుతుంది. డెస్మోప్రెసిన్ అనే మందు రాత్రి మూత్రం తయారీని తగ్గిస్తుంది. ఆరు నెలలకు పైగా పొడిగా ఉండి మళ్లీ మొదలైనా, మంట, విపరీతమైన దాహం, పగలు కూడా కారడం వంటివి ఉన్నా వైద్యుణ్ణి చూడడం తప్పనిసరి.

అయితే ప్రయత్నం దేనికి వర్తిస్తుందో తేల్చుకోవాలి. బ్రిటన్‌లో నైస్ అనే ఆరోగ్య ప్రమాణాల సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని శ్రద్ధగా విడదీశాయి. పక్క తడిపినందుకు శిక్షించకూడదు. పొడిగా తెల్లవారినందుకు బహుమతి కూడా ఇవ్వకూడదు. ఎందుకంటే రెండూ పిల్లల చేతిలో లేవు. పగలంతా తగినన్ని నీళ్లు తాగడం, పడుకునే ముందు బాత్రూముకు వెళ్లడం, దుప్పటి మార్చడంలో చెయ్యి వేయడం వంటివి చేతిలో ఉన్నాయి గనక, మెచ్చుకోలు వాటికి. పనిమీదే అధికారం, ఫలం మీద కాదన్న కర్మయోగం ఏడేళ్ల పిల్లల రాత్రికి తగ్గట్టు కుదించినట్టుంటుంది ఈ సలహా. అయిదేళ్ల లోపు పిల్లలు పగలు ఆరు నెలలకు పైగా పొడిగా ఉంటున్నట్టయితే, వరసగా రెండు రాత్రులైనా డైపరు లేకుండా పడుకోబెట్టి చూడమని కూడా ఆ సంస్థ సూచించింది. అంటే డైపరు ఓటమికి గుర్తూ కాదు, శాశ్వతమైన ఏర్పాటూ కాదు. ఒళ్లు ఎదిగేదాకా నిద్ర చెడకుండా కాచే వస్తువు.

పారేసిన తరవాత

పిల్లల పక్కలోంచి మైల పోయిందంటే లోకంలోంచి పోయిందని కాదు. పాత రోజుల్లో తడిసిన గుడ్డ తల్లి చేతుల్లోనో, ఊళ్లో చాకలి చేతుల్లోనో తేలేది. పారేసే డైపరుతో ఆ పని పారిశుద్ధ్య కార్మికుల చేతికి మారింది. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వాడిన డైపర్లను తయారీదారులిచ్చిన సంచిలోగాని, తగిన మరో చుట్టలోగాని భద్రంగా చుట్టి, పొడిచెత్త డబ్బాలో వేయమని ఇంటివారికి చెప్పాయి. పాటించని ఇంటి చెత్తను వేరుచేసే మనిషి, చాలాసార్లు చేతికి తొడుగైనా లేని మనిషి, అది విప్పి చూడవలసి వస్తుంది. తన పిల్ల ఒంటి మైలను క్షణాల్లో మరిచిపోయే సమాజం, దాన్ని ఎత్తిన చేతికి మాత్రం తరాల తరబడి అంటు అంటగట్టింది. శౌచం గురించి మాట్లాడే ఏ ఇల్లయినా ఆ చేతి సంగతి వదిలేస్తే, దాని శౌచం గుమ్మం దగ్గరే ఆగిపోయినట్టు.

నేలతల్లి సంగతీ అంతే. పాలీప్రొపిలీన్, పాలిథిలీన్, పాలీయాక్రిలేట్ తొందరగా కుళ్లవు. ఆరుబయట తగలబెడితే విషపు పొగ, మరుగుదొడ్డిలో వేస్తే ఉబ్బిన ముద్ద గొట్టాన్ని మూసేస్తుంది. అందుకే ఇంట్లో మామూలు రాత్రులకు ఉతికి వాడుకునే పీల్చుడు గుడ్డలూ, పరుపు మీద నీరు దిగని షీటూ వాడి, ప్రయాణాలకూ పొరుగిళ్లలో పడుకునే రాత్రులకూ డైపరు ఉంచుకోవడం ఒక మధ్యేమార్గం.

చుట్టే పని పిల్లలకే అప్పగించవచ్చు. నింద లేని చోట కూడా బాధ్యత ఉండవచ్చు. గౌతమ ధర్మసూత్రం పసివాణ్ణి ముట్టుకుంటే అశౌచం రాదన్న చోటే కడగడం, తుడవడం ఉండాలంది. పొద్దున్నే విప్పిన నిక్కరును లోపలి తడి బయటికి రాకుండా చుట్టి, పాత న్యూస్‌పేపర్లో పొట్లం కట్టి, డబ్బాలో వేసి, చేతులు కడుక్కుని బడికి తయారవడం ఏడేళ్ల పిల్ల చేయగలిగిన పని. మెలకువలో, తన చేతులతో, తెలిసి చేసే పని గనక దానికి మెచ్చుకోలు కూడా చెల్లుతుంది.